పాత జీపు, జిప్సీలల్ల స్టీరింగ్ బాక్స్ మార్చుడు ఎట్ల

మన నల్లగొండ, పాలమూరు దిక్కు పాత మహీంద్రా కమాండర్లు, ఎంఎం 540లు, మారుతి జిప్సీలు ఇంకా మస్తుగనే తిరుగుతున్నయి. బత్తాయి తోటకు పోవాలన్నా, వానకాలంల నల్లరేగడి చేను గట్టు దాక పోవాలన్నా, అమ్రాబాద్ దిక్కు గుట్టలల్ల తిరగాలన్నా అసొంటి బండే కావాలె. ఇంజన్ మీద అందరు పానం పెడ్తరు, క్లచ్, బ్రేకు అంటే కూడ ఉరుకుతరు, కానీ స్టీరింగ్ కాడికొచ్చేసరికి "పాత బండి గదా, గట్లనే ఉంటది తీ" అని ఊకుంటరు. గట్ల ఊకోవద్దు. స్టీరింగ్ పావు చుట్టు తిప్పినంక గని ముందటి టైర్లు కదలకపోతే, సక్కటి రోడ్డు మీద కూడ చెయ్యి అటిటు ఆడిస్తనే ఉండాల్సొస్తే, ఎదురుంగ లారీ వచ్చినప్పుడు బండి ఎటు పోతదో మీకే తెల్వకుంటే, అది పాతదనం కాదు, అరుగుడు. అరిగింది ఏదో పట్టుకుంటే బాగైతది.

నేను ఈడ చెప్పేది మాన్యువల్ స్టీరింగ్ బాక్స్ గురించి, అంటే స్టీరింగ్ తిరుగుడును ముందటి టైర్ల దిక్కు పంపే ఇనుప డబ్బ, ఎక్కువగ జిప్సీని, తర్వాత మహీంద్రా జీపులను మనసుల పెట్టుకొని రాస్తున్న. పవర్ స్టీరింగ్ ఉన్నోళ్లకు మధ్యల ఒక ముక్క చెప్త. బండి బండికి బోల్టుల లెక్క, బాక్స్ కూసునే జాగ మారుతది, పని వరుస మాత్రం ఒక్కటే.

ముందు బాక్స్‌దే తప్పని తేల్చుకోండి

చానమంది ఈడనే పైసలు పాడు చేసుకుంటరు. స్టీరింగ్ లూజ్ అనంగనే ఇద్దరు రెండు మాటలు చెప్తరు, ఒకాయన "పైన స్క్రూ టైట్ చెయ్యి" అంటడు, ఇంకొకాయన "బాక్స్ మార్చు" అంటడు. నిజానికి బాక్స్ అనేది ఆఖరుకు అనుమానపడాల్సిన సామాను. దానికన్నా ముందు అరిగేటియి, ఊడేటియి కింద చాన ఉంటయి.

బండిని సమానంగ ఉన్న జాగల నిలబెట్టండి, టైర్లు సక్కగ ఉండాలె, టైర్లు నేల మీదనే ఉండాలె, జాకీ పెట్టొద్దు. ఇంజన్ బంద్. ఒకరిని సీట్ల కూసోబెట్టి స్టీరింగ్‌ను ఊకె చిన్నగ అటిటు ఆడియ్యమనండి, గట్టిగ తిప్పుడు కాదు, బరువు తగిలేదాక కుడికి, మల్ల బరువు తగిలేదాక ఎడమకు. మీరు బానెట్ లేపి, తర్వాత కిందికి పోయి, స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కిందుండే రాడ్) కాడికెల్లి టైరు దాక ఒక్కొక్క జాయింట్‌ను చూసుకుంట పోండి. చేత్తోని పట్టుకొని చూడండి, కంటికి కనపడని ఆట, అంటే లూజు, వేలికి తెలుస్తది.

పైకెల్లి మొదలుపెడితే ముందు కాలమ్‌కు, బాక్స్‌కు నడుమ ఉండే రబ్బర్ కప్లింగ్ వస్తది. ఆ రబ్బర్ పగిలినా, దాని బోల్టులు లూజైనా స్టీరింగ్ తిరుగుతది, బాక్స్‌లకు పోయే షాఫ్ట్ ఆలస్యంగ తిరుగుతది. ఇది మారిస్తే ఐపోయే పనికి బాక్సే మార్చినోళ్లు ఉన్నరు. కొన్ని బండ్లల్ల కప్లింగ్ బదులు యూనివర్సల్ జాయింట్ ఉంటది, దాని క్రాస్ అరిగినా ఇదే కథ. తర్వాత బాక్స్‌ను ఛాసిస్‌కు పట్టిన బోల్టులు. స్టీరింగ్ ఆడిస్తున్నప్పుడు బాక్స్ మొత్తం ఇంత కదులుతుందంటే బోల్టులన్నా లూజై ఉండాలె, ఛాసిస్ అన్నా పగిలి ఉండాలె. బోల్టు తల చుట్టూ సన్నటి ఎర్రటి పొడి, గీతలు గీతలుగ కారినట్టు కనపడితే ఆ బోల్టు ఎప్పటికెల్లో కదులుతుందని లెక్క, ఇనుము మీద ఇనుము రాసుకొని తుప్పు పొడి అట్ల బయటకొస్తది. దుమ్ము కూడ ఎర్రగనే ఉంటది మన చెల్కలల్ల, అందుకే తుడిచి, రెండు రోజులు నడిపి, మల్ల చూడండి.

దాని తర్వాత డ్రాగ్ లింక్ (బాక్స్ కాడికెల్లి టైరు దిక్కు పోయే రాడ్), టై రాడ్ (ముందటి రెండు టైర్లను కలిపే రాడ్) బాల్ జాయింట్లు. ఆ తర్వాత ముందటి చక్రాన్ని జాకీ మీద లేపి, పైన కింద పట్టుకొని ఊపితే ఆడుతుందా చూడండి. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మల్ల ఊపండి. బ్రేకు తొక్కినంక ఆట పోతే అది వీల్ బేరింగ్, అప్పుడు కూడ ఉంటే కింగ్ పిన్, అంటే చక్రం కుడి ఎడమకు తిరిగేటందుకు ఆధారమైన పిన్. పక్కలకెల్లి పట్టి ఊపినప్పుడు ఆడితే టై రాడ్ జాయింట్ల మీద చెయ్యి పెట్టి చూడండి. కట్టల (లీఫ్ స్ప్రింగుల) బుష్‌లు, యూ బోల్టులు కూడ ఒక చూపు చూడండి, యాక్సిలే ముందుకెనక్కు జరుగుతుంటే స్టీరింగ్ ఏం చేస్తది పాపం. ఇగ 50, 60 స్పీడ్‌ల గుంత తగలంగనే ముందటి చక్రాలు రెండు దడదడ ఊగుతున్నయంటే కింగ్ పిన్లు, వీల్ బ్యాలెన్స్, టై రాడ్, స్టీరింగ్ డ్యాంపర్ (ఊగుడును ఆపే షాక్) చూడాలె, కొత్త బాక్స్ పెడితే ఆ ఊగుడు పోదు.

ఇవన్ని బాగున్నయి, అయినా బాక్స్‌లకు పోయే షాఫ్ట్ తిరుగుతుంది, కింద డ్రాప్ ఆర్మ్ (బాక్స్ కింద ఉండి డ్రాగ్ లింక్‌ను ఆడించే చెయ్యి) మాత్రం కదుల్తలేదు, అప్పుడు బాక్స్ లోపల ఆట ఉన్నట్టు. డ్రాప్ ఆర్మ్ ఉండే షాఫ్ట్ పక్కకు ఊగుతుంటే లోపలి బుష్ అరిగినట్టు, దాని సీల్ కాడ ఆయిల్ కారుడు కూడ ఎక్కువగ దీనెంటనే వస్తది. స్టీరింగ్ తిప్పుతుంటే నడుమ ఒక్కకాడ కటకట అని పట్టి వదిలినట్టు అయితే వార్మ్ (బాక్స్ లోపలి స్క్రూ) మీద గుంతలు పడ్డట్టు. ఈ గుంతలకు ఏ స్క్రూ మందు కాదు.

ఆ పైన స్క్రూ ఏం చేస్తదంటే

జిప్సీలల్ల, తర్వాతి మహీంద్రాలల్ల ఉండేది బాల్ రకం బాక్స్. లోపల స్క్రూ లెక్క వార్మ్ ఉంటది, దాని మీద ఒక నట్టు, రెండింటి నడుమ స్టీలు గుండ్లు తిరుగుతయి, ఆ నట్టుకు బయట ఉన్న పండ్లు సెక్టార్ షాఫ్ట్ పండ్లల్ల పట్టుకొని డ్రాప్ ఆర్మ్‌ను తిప్పుతయి. పాత సీజే 3బీ అసొంటి జీపులల్ల క్యామ్, లివర్ రకం వచ్చేది, అండ్ల గాడి ఉంటది, గాడిల లివర్ పిన్నులు నడుస్తయి. రెండింట్ల ఒక్కటే కిటుకు: టైర్లు సక్కగ ఉన్నప్పుడు, అంటే బాక్స్ నట్టనడుమ ఉన్నప్పుడు, పట్టు గట్టిగ ఉండేటట్టు తయారు చేస్తరు. చివర్లకు పోయేకొద్దీ కావాలనే జర వదులు ఉంటది. మనం బండి నడిపేది నూటికి తొంభై పాళ్లు సక్కగనే గదా, అందుకే అరుగుడు కూడ నట్టనడుమనే అయితది.

ఇప్పుడు పైన స్క్రూ బిగిస్తే సెక్టార్ షాఫ్ట్ కిందికి జరిగి పండ్లు దగ్గరైతయి. అరిగిన నడుమ భాగం బాగైనట్టు అనిపిస్తది, కానీ అరగని చివర్లల్ల అది బిగుసుకపోతది. ములుపు తిరిగినంక స్టీరింగ్ తనంతట తాను ఎనక్కి రాదు, ఘాట్ ములుపుల అట్లనే పట్టుకుంటే బండి రోడ్డు దిగుతది. జర అరిగిన బాక్స్‌కు జర సర్దుకునేటందుకే ఆ స్క్రూ ఉన్నది. సగం చుట్టు తిప్పినా ఆట పోతలేదంటే ఇగ ఆపండి, బాక్స్ మార్చుడే.

కొత్త బాక్స్, లేకుంటే మంచి పాత బాక్స్

జిప్సీ 1985ల వచ్చింది, 1996 నుంచి 1300 సీసీ ఇంజన్‌తోని జిప్సీ కింగ్ వచ్చింది. మహీంద్రా అయితే 1947 నుంచే జీపులు బిగిస్తుంది. ఇన్ని ఏండ్లల్ల ఎన్ని రకాల బాక్స్‌లు వచ్చినయో లెక్క లేదు, అందుకే "జీపు బాక్స్ ఇయ్యి" అని అడిగి పట్టుకొని రావద్దు. రాణిగంజ్ పోయినా, ఆటోనగర్ స్క్రాప్‌ల వెతికినా, మీ పాత బాక్స్ ఇప్పి ఎంట తీస్కపోవుడు అన్నిటికన్నా మంచిది. బండి ఆగుతది, నిజమే, కానీ తప్పు బాక్స్ తెచ్చి రెండుసార్లు తిరిగేదానికన్నా నయం. ఇప్పకముందే పోవాలంటే నాలుగు దిక్కులకెల్లి ఫోటోలు, బోల్టు రంధ్రాల నడుమ దూరం కొలిచిన కాగితం తీస్కపోండి.

పక్కపక్కన పెట్టి చూడాల్సినవి ఇవి. బోల్టు రంధ్రాలు కలవాలె. పైన షాఫ్ట్ గీతలు, అంటే స్ప్లైన్లు, లెక్కపెట్టి చూడండి, మందం కూడ చూడండి. కింద సెక్టార్ షాఫ్ట్ స్ప్లైన్లు కూడ అంతే, మీ డ్రాప్ ఆర్మ్ దాని మీద కూసోవాలె. చివరికెల్లి చివరి దాక ఎన్ని చుట్లు తిరుగుతదో రెండింటివి ఒక్కటే ఉండాలె. అన్నిటికన్నా ముఖ్యం, పైన షాఫ్ట్ ఎటు తిరిగితే డ్రాప్ ఆర్మ్ ఎటు పోతదో చూడండి. ఎడమ చేతి డ్రైవింగ్ బండి బాక్స్ చూడనీకి ఒక్కతీరే ఉండి, తిరుగుడు ఉల్టా ఉండొచ్చు, అది పెడితే స్టీరింగ్ కుడికి తిప్పితే బండి ఎడమకు పోతది.

పాత బాక్స్ కొనేటప్పుడు చేత్తోని మెల్లగ తిప్పి చూడండి. కళ్లు మూసుకొని తిప్పితే ఇంక బాగ తెలుస్తది, ఏడన్న ఇసుక రాసినట్టు, గింజ పట్టినట్టు అనిపిస్తే ఆడనే పెట్టి రండి. నడుమకొచ్చినప్పుడు జర బరువు తగలాలె. తగలకపోతే అది కూడ మీ దానిలెక్కనే అరిగిన బాక్స్. పైన మూత తీయనిస్తే వేలు పెట్టి ఆయిల్ చూడండి: నల్లగ ఉంటే పర్వాలేదు, పాలు కలిపిన చాయ్ రంగు ఉంటే నీళ్లు పోయినయి, వేలికి మెరుపు పొడి అంటితే గుండ్లు, వార్మ్ పోయినయి. కొన్నిట్ల ఆయిల్ బదులు గ్రీజు కుక్కి ఉంటది. సీల్ కారుతుంటే మార్చే బదులు గ్రీజు పెట్టి అమ్ముతరు, గ్రీజు ఒకసారి పక్కకు జరిగితే మల్ల గుండ్ల మీదికి రాదు, లోపల ఎండిన ఇనుము మీద ఎండిన ఇనుము తిరుగుతది. అసొంటిది తీస్కోవద్దు.

ఇప్పుడు ఇప్పుదాం

ముందు రోజు సాయంత్రం ఆ జాగ మొత్తం నీళ్ల ప్రెషర్ పెట్టి కడిగియ్యండి, బురద, ఆయిల్ కలిసి గట్టిపడ్డ దాని కింద బోల్టు తల ఏడుందో కూడ కనపడదు. ఆరినంక అన్ని నట్లు బోల్టులకు డబ్ల్యూడీ 40 కొట్టండి, రాత్రంత నాననియ్యండి. తెల్లారి ఎండ ముదరకముందే మొదలుపెట్టండి, ఎండకాలం పదకొండు దాటినంక మన దిక్కు ఛాసిస్ మీద చెయ్యి పెట్టలేం.

రింగ్ పానాలు, సాకెట్ సెట్టు, పొడుగు పైపు, రెండు సుత్తెలు, డ్రాప్ ఆర్మ్ పుల్లర్, బాల్ జాయింట్ పుల్లర్, వైర్ బ్రష్, తెల్ల పెయింటు, కొత్త కాటర్ పిన్నులు (నట్టు ఊడకుండ పెట్టే చీలిక పిన్నులు), గేర్ ఆయిల్ 90 కావాలె. పుల్లర్ లేకుంటే పని మొదలుపెట్టొద్దు, తెలిసిన మెకానిక్ కాడ ఒక పూటకు తెచ్చుకోండి. ఎందుకో కింద చెప్త.

ఎనక చక్రాలకు ముందెనక రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ గుంజి, ముందు యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టండి. ఒక్క జాకీ మీద లేపిన బండి కిందికి పోవద్దు, ఎంత చిన్న పనైనా సరే పోవద్దు. బ్యాటరీ టెర్మినల్ ఇప్పేయండి, ఆడ హారన్ వైర్ ఉంటది, తర్వాత వెల్డింగ్ అవసరం పడినా పడొచ్చు.

టైర్లు సక్కగ, స్టీరింగ్ సక్కగ పెట్టండి. ఇప్పుడు పెయింట్ తీసి గుర్తులు పెట్టండి: కాలమ్ షాఫ్ట్‌కు కప్లింగ్‌కు అడ్డంగ ఒక గీత, కప్లింగ్‌కు బాక్స్ షాఫ్ట్‌కు ఒక గీత, డ్రాప్ ఆర్మ్‌కు సెక్టార్ షాఫ్ట్ చివరకు ఒక గీత. ఫోన్ల ఫోటో కూడ కొట్టుకోండి, చేతులకు గ్రీజు అంటకముందే.

మొదట డ్రాగ్ లింక్‌ను డ్రాప్ ఆర్మ్ కాడ ఇప్పాలె. కాటర్ పిన్ తీసి, కాజిల్ నట్టు (పైన గాడులున్న నట్టు) మొత్తం తీయకుండ రెండు మూడు మర గీతలు పట్టి ఉంచండి, జాయింట్ ఊడినప్పుడు మొకం మీద పడదు. బాల్ జాయింట్ పుల్లర్ పెట్టి బిగియ్యండి. మొండికేస్తే డ్రాప్ ఆర్మ్ కన్నుకు ఒక పక్కన బరువు సుత్తె ఆనించి, ఇంకో పక్కకెల్లి రెండో సుత్తెతోని పక్కకు ఒక్క దెబ్బ గట్టిగ కొట్టండి, లోపలి టేపర్, అంటే ఏటవాలు పట్టు, వదులుతది. కిందికెల్లి బోల్టు మీద కొట్టొద్దు, గీతలు చెదురుతయి. కొంతమంది ఫోర్కు పెట్టి లేపుతరు, రబ్బర్ బూటు చిరుగుతది, జాయింట్ ఎట్లన్న మార్చేదుంటెనే అది.

తర్వాత డ్రాప్ ఆర్మ్. పెద్ద నట్టు, పొడుగు పైపు కావాలె. నట్టు పూర్తిగ తీయకుండ షాఫ్ట్ చివరికి సమానంగ వచ్చేదాక ఇప్పి, పుల్లర్ తగిలించి బిగియ్యండి. బిగించి అట్లనే ఒక చాయ్ తాగొచ్చేదాక వదిలేయండి, తర్వాత పుల్లర్ బోల్టు తల మీద ఒక దెబ్బ, మల్ల జర బిగియ్యండి. టప్పని పెద్ద చప్పుడుతోని ఊడుతది, భయపడొద్దు. పుల్లర్ లేక సెక్టార్ షాఫ్ట్ చివర మీద సుత్తెతోని కొట్టుడు నేను చానసార్లు చూసిన. ఆ దెబ్బ సక్కగ లోపలి పండ్ల మీదికి, పై మూతల ఉన్న స్క్రూ మీదికి పోతది. పాత బాక్స్ పారేసేదే గదా అనుకుంటరు, కానీ డ్రాప్ ఆర్మ్ పారేసేది కాదు గదా, దాని స్ప్లైన్లు చెదిరితే కొత్త బాక్స్‌ల సక్కగ కూసోదు. గ్యాస్ మంట పెట్టి వేడి చేసి తీసేటోళ్లు కూడ ఉన్నరు. ఆర్మ్ ఉక్కు పదును చేసింది, ఎర్రగ కాల్చితే మెత్తబడ్తది, వంగుతది. కాల్చిన ఆర్మ్ మల్ల పెట్టొద్దు, కొత్తది తెచ్చుకోండి. కొన్ని బండ్లల్ల పుల్లర్‌కు జాగ దొరకదు, అప్పుడు ఆర్మ్‌తోనే బాక్స్ కిందికి దించి బల్ల మీద వైస్‌ల పట్టి తీయండి.

ఇగ కప్లింగ్. దాన్ని పట్టిన బోల్టును వదులు చేస్తే సరిపోదు, పూర్తిగ బయటికి తీయాలె, ఎందుకంటే షాఫ్ట్ మీద గాడి ఉంటది, బోల్టు ఆ గాడిలకెల్లి పోయి షాఫ్ట్‌ను జారనియ్యకుండ పట్టుకుంటది. ఇది తెల్వక గంటసేపు సుత్తెతోని కొట్టి కప్లింగ్ పాడు చేస్తరు. బోల్టు తీసినంక చీలికల సన్నటి ఉలి పెట్టి జర ఎడం చేస్తే సులువుగ జారుతది. మహీంద్రా పాత జీపుల్ల కొన్నిట్ల కాలమ్, బాక్స్ షాఫ్ట్ ఒక్కటే పొడుగు రాడ్‌గ ఉంటది, కప్లింగే ఉండదు, అసొంటిదైతే ముందు స్టీరింగ్ చక్రం పుల్లర్ పెట్టి తీసి, డ్యాష్ కింద క్లాంపు, ఫ్లోర్ మీద ప్లేటు ఇప్పి, మొత్తం రాడ్‌తోని బయటికి గుంజాలె. ఇద్దరు ఉండాలె దానికి.

ఆఖరుకు బాక్స్ బోల్టులు, మూడో నాలుగో ఉంటయి. అన్ని వదులు చేసి, ఆఖరుది తీసేటప్పుడు ఒకరు బాక్స్‌ను పట్టుకోవాలె, చూడనీకి చిన్నగ ఉన్నా పోత ఇనుము, కాలు మీద పడితే బొక్క ఇరుగుతది. బాక్స్‌కు ఛాసిస్‌కు నడుమ పలుచటి ప్లేట్లు, అంటే షిమ్‌లు, వస్తే ఏ బోల్టు కాడ ఎన్ని ఉన్నయో రాసి పెట్టుకోండి, మల్ల ఆడనే పెట్టాలె.

ఖాళీ అయిన ఛాసిస్‌ను చూడకుండ ముందుకు పోవద్దు

వైర్ బ్రష్ పెట్టి ఆ జాగను తెల్లగ వచ్చేదాక రుద్దండి. బోల్టు రంధ్రాల అంచుల కాడికెల్లి వెంట్రుక అంత సన్నగ పగుళ్లు మొదలైతయి. అనుమానం ఉంటే పలుచటి ఆయిల్ పూసి, తుడిచి, పైన చాక్‌పీసు రుద్దండి, జరసేపట్ల పగులు ఉన్నకాడ చాక్ మీద గీత తేలుతది. పెద్ద టైర్లు ఏసుకొని రాళ్ల మీద తిరిగే బండ్లల్ల ఇది మామూలే, ఒక్కొక్క రాయి తగిలినప్పుడు ఆ దెబ్బంత వచ్చి పడేది ఈ మూడు నాలుగు రంధ్రాల మీదనే. పగులు ఉంటే చివర చిన్న రంధ్రం ఏసి, వీ లెక్క గ్రైండ్ చేసి, తెలిసిన వెల్డర్‌తోని నింపించి, పైన ప్లేటు ఏపియ్యండి. పగులు కనపడ్డంక బాక్స్ దాని మీదనే బిగించి ఊరుకుంటే ఒకరోజు బాక్సే ఊడి చేతికొస్తది. రంధ్రం గుడ్డు లెక్క సాగితే కూడ అంతే, పెద్ద బోల్టు ఏసుడు కాదు, లోపల బుష్ ఏపిచ్చుడు.

బోల్టుల మాట కూడ ఈడనే చెప్పాలె. పాత బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటది, అదే అంకె ఉన్న కొత్తవి తెండి. తల మీద ఏం రాయని బోల్టు గేటుకు పనికొస్తది, స్టీరింగ్‌కు కాదు.

కొత్తది పెట్టుడు, నడుమ పట్టుడు

మొత్తం పనిల గట్టిగ గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే. బాక్స్‌ను బల్ల మీద పెట్టి మెల్లగ ఒక చివర దాక తిప్పండి, చివరకు పోయి గట్టిగ కొట్టుకోనియ్యొద్దు, లోపల గుండ్ల గొట్టాలు వంగుతయి. ఆడికెల్లి ఇంకో చివర దాక చుట్లు లెక్కపెట్టుకుంట తిప్పండి. మాటకు మూడున్నర చుట్లు వచ్చినయనుకోండి, ఒకటిముప్పావు చుట్టు ఎనక్కి తిప్పండి, అది నట్టనడుమ. షాఫ్ట్‌కు, బాక్స్‌కు కలిపి పెయింట్ గీత పెట్టండి. నడుమ పట్టకుండ బిగిస్తే ఏమైతదంటే, టైర్లు సక్కగ ఉన్నప్పుడు బాక్స్ వదులు భాగంల ఉంటది, కొత్త బాక్స్ పెట్టినా పాత దానిలెక్కనే ఆడుతది. ఒక పక్క బండి పూర్తిగ తిరుగుతది, ఇంకో పక్క సగమే తిరుగుతది.

పై మూతకున్న ప్లగ్ తీసి గేర్ ఆయిల్ 90 పోయండి, మెల్లగ పోసుకుంట అటిటు తిప్పండి, గాలి బయటకొస్తది, లెవెల్ దాక నింపండి. బండికి బిగించినంక పోయనీకి జాగ ఉండదు చానావాటిల్ల.

బాక్స్‌ను లేపి, ముందు కప్లింగ్‌ల షాఫ్ట్ ఎక్కించి, తర్వాత ఛాసిస్ బోల్టులు అన్ని చేత్తోనే ఏయండి. ఏ ఒక్కటీ చేత్తోని పోకపోతే ఆగండి, బాక్స్ వంకరున్నట్టు. అన్ని ఎక్కినంక కొంచెం కొంచెం వంతులవారిగ బిగియ్యండి, ఇప్పుడు కాలమ్‌ను తిప్పి చూడండి, బాక్స్ బిగించకముందు ఎంత సులువు ఉందో బిగించినంక కూడ అంతే ఉండాలె. బరువైతే షాఫ్ట్ మీద వంకర బలం పడుతుంది, షిమ్‌లు మల్ల చూడండి. కప్లింగ్ బోల్టు గాడిలకెల్లి పోయిందా కంటితోని చూసి బిగియ్యండి.

డ్రాప్ ఆర్మ్ పెట్టేటప్పుడు చూడండి, కొన్నిట్ల ఒకకాడ వెడల్పు స్ప్లైన్ ఉంటది, ఒక్కతీరుగనే ఎక్కుతది. అది లేకుంటే మీ పెయింట్ గీతను చూసి, పాత బాక్స్ మీద ఆర్మ్ ఎటు మొకం ఉండెనో అటే పెట్టండి. స్ప్రింగ్ వైసర్ లేకుంటే లాక్ ప్లేట్ తప్పకుండ ఉండాలె. ఆ పెద్ద నట్టును మీ బండి మాన్యువల్ పుస్తకంల ఉన్న టార్క్‌కే, అంటే ఆడ రాసిన బిగువుకే, బిగియ్యండి, టార్క్ రెంచ్ లేకుంటే ఉన్నోళ్ల కాడ ఆ ఒక్క నట్టు బిగిపిచ్చుకోండి. తర్వాత డ్రాగ్ లింక్, కాజిల్ నట్టు, కొత్త కాటర్ పిన్. రంధ్రం కలవకపోతే నట్టును ముందుకే బిగించి కలపాలె, ఎనక్కి తిప్పి కలపొద్దు. పాత కాటర్ పిన్ను సక్కగ చేసి మల్ల పెట్టొద్దు.

ఇప్పుడు టైర్లు సక్కగ ఉండి స్టీరింగ్ చక్రం వంకరగ ఉందనుకోండి, స్టీరింగ్ గుంజి తిప్పి పెట్టుడు సులువుగ కనపడ్తది, కానీ గట్ల చేస్తే మీరు కష్టపడి పట్టిన నడుమ పోతది. డ్రాగ్ లింక్ పొడుగు మార్చే ఏర్పాటు ఎక్కువ బండ్లల్ల ఉంటది, లాక్ నట్లు వదులు చేసి రాడ్ తిప్పుకుంట బాక్స్ గీత, స్టీరింగ్, టైర్లు మూడు సక్కగ వచ్చేదాక సర్దండి. టై రాడ్ ముట్టుకోవద్దు, దాని జోలికి పోతే టో, అంటే ముందటి రెండు టైర్లు ఒకదానికొకటి ఉండే తీరు, మారుతది.

స్టాండ్ల మీదనే ఉంచి ఒక చివరికెల్లి ఇంకో చివర దాక తిప్పండి. రెండు పక్కల కూడ నకుల్ (చక్రం పట్టుకొని తిరిగే ఇనుము) కాడుండే స్టాపర్ బోల్టు ముందుగ తగిలి ఆపాలె, బాక్స్ లోపల తగిలి ఆగొద్దు. బాక్స్ లోపలనే తగులుతుంటే ఘాట్‌ల, గుంతలల్ల ఆ దెబ్బంత లోపలి సామాను తింటది. తిప్పేటప్పుడు బ్రేక్ పైపు సాగుతుందా, టైరు కట్టకు రాస్తుందా అది కూడ చూడండి.

పవర్ స్టీరింగ్ ఉన్న బండ్లల్ల ఇవన్ని ఇట్లనే, కాకపోతే ఇప్పకముందు పైపుల ఫ్లూయిడ్ పట్టుకొని, పైపు మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ కట్టాలె, ఇసుక గింజ పోయినా పంపు పోతది. బిగించినంక ట్యాంకు నింపి, ముందు టైర్లు లేపి, ఇంజన్ బంద్ ఉన్నప్పుడే మెల్లగ అటిటు తిప్పుకుంట బుడగలు ఆగేదాక నింపండి, తర్వాత స్టార్ట్ చేసి మల్ల. చివరకు తిప్పి అట్లనే పట్టుకోవద్దు. మాన్యువల్ బండికి వేరే బండి పవర్ బాక్స్ ప్లేటు ఏసి వెల్డింగ్ చేసి పెట్టుడు వేరే పని, ఛాసిస్ బలం, ఆర్మ్ పొడుగు, ఆర్టీఏ అనుమతి అన్ని అందుల వస్తయి, ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు స్టీరింగ్ చూస్తరు, ఊకె చేసుకోవద్దు.

రోడ్డు మీదికి

ముందు ఖాళీ జాగల నడపండి, వడ్ల కల్లం అయిపోయిన గ్రౌండ్ అయినా సరే. పది ఇరవై స్పీడ్‌ల ఎనిమిది అంకె లెక్క తిప్పండి. ములుపు తిరిగి చెయ్యి వదులు చేస్తే స్టీరింగ్ తనంతట సక్కగ రావాలె. వస్తలేదంటే పై స్క్రూ ఎక్కువ టైట్ ఉంది, లేకుంటే కాలమ్ ఏడనో పట్టేస్తుంది, లేకుంటే కింగ్ పిన్లు బిగుసుకున్నయి. స్క్రూ సర్దాలంటే డ్రాగ్ లింక్ ఇప్పి, బాక్స్ నట్టనడుమ పెట్టి, అప్పుడు చెయ్యాలె, చివర్ల పెట్టి బిగిస్తే నడుమకొచ్చేసరికి పట్టేస్తది. జర బరువు తగలంగనే ఆపి, స్క్రూ తిరగకుండ స్క్రూడ్రైవర్‌తోని పట్టుకొని లాక్ నట్టు బిగియ్యండి.

అంత బాగుంటే ఊరి రోడ్డు, ఆ తర్వాత హైవే. అదే రోజు డిండి దాటి మన్ననూర్ ఘాట్ ఎక్కొద్దు, ఆ ములుపులల్ల బోల్టు లూజైతే ఏం చేస్తరు. వంద కిలోమీటర్ల లోపల్నే మల్ల కిందికి పోయి ఛాసిస్ బోల్టులు, డ్రాప్ ఆర్మ్ నట్టు, కప్లింగ్ బోల్టు మూడు పానాతోని చూడండి, కొత్త బోల్టులు మొదట్ల జర కూసుంటయి, కొంచెం తిరుగుతయి. బిగించినంక ప్రతి నట్టు మీదికెల్లి ఛాసిస్ దాక తెల్ల పెయింట్ గీత పెట్టండి, తర్వాత ఎప్పుడన్న లూజైతే గీత ఇరిగి కనపడ్తది, పానా పెట్టకుండనే తెలుస్తది. నెల తిరిగినంక ఆయిల్ లెవెల్ చూడండి, సెక్టార్ సీల్ కాడ తడి ఉందా చూడండి.

పాత బాక్స్ స్క్రాపోనికి కిలో లెక్కన అమ్మకండి. దాని పై మూత, అడ్జస్ట్ స్క్రూ, లాక్ నట్టు, ప్లగ్ తీసి డబ్బల పెట్టుకోండి, ఈ పాత బండ్లకు అసొంటి చిన్న సామాన్లే దొరకయి.